మధ్యవర్తి మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి?

కవిటి_ఆడపడుచు | ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం. నాన్నగారు పోయాక కొబ్బరితోట వాటాల విషయంలో నాకూ అన్నయ్యకూ దావా నడుస్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోటలో సగానికి పైగా చెట్లు పడిపోయాయి. ఆ ఖాళీల్లో అన్నయ్య నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకు వచ్చాయి. భూమి ఇద్దరిదీ అని తనూ ఒప్పుకుంటాడు, చెట్లు మాత్రం తనవంటాడు. జడ్జిగారు మమ్మల్ని మధ్యవర్తిత్వ కేంద్రానికి పంపారు.

మధ్యవర్తి సీనియర్ వకీలు. రెండోసారి కూర్చున్నప్పుడు మమ్మల్ని విడివిడిగా పిలిచి మాట్లాడారు. పాప చదువుకు ఇప్పుడు డబ్బు అవసరమని, సగం కన్నా కాస్త తక్కువకైనా ఒప్పుకుంటానని ఆయనతో అన్నాను. మర్నాడు సాయంత్రం వదిన ఫోను చేసింది. "తగ్గడానికి సిద్ధమేనన్నావట కదా, ఆ మాటేదో మాతోనే అంటే సరిపోయేది" అంది. ఆ గదిలో ఉన్నది ఆయనా నేనూ మాత్రమే.

ఇది చాలదన్నట్టు, నాలుగేళ్ల కిందట అన్నయ్య మీద చెక్కు చెల్లని కేసు పడితే అన్నయ్య తరఫున నిలబడింది ఈయనేనని మొన్న తెలిసింది. మొదటి రోజు ఆ మాట చెప్పనే లేదు. మా వకీలుగారిని అడిగితే "ఊరుకోండమ్మా, నేను రోజూ ఆయన ముఖం చూడాలి" అన్నారు. వచ్చే వాయిదా తొమ్మిది రోజుల్లో ఉంది. కోర్టు పేరు, ఆయన పేరు ఇక్కడ రాయను. ఎవరికి చెప్పుకోవాలో తెలిసినవారు చెప్పండి.

నాగావళి_ఒడ్డు | ఆదివారం, రాత్రి 9.31

ఎందుకు రాయరు? పేరు పెట్టి ఊళ్లో ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ వేయండి. విలేకరులకు ఇవ్వండి. ఇలాంటివారు పరువుకే భయపడతారు, కాగితానికి భయపడరు.

పాత_బెంచి_గుమస్తా | ఆదివారం, రాత్రి 10.05

అమ్మా, ఆ పని మాత్రం చేయవద్దు. శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో ముప్పై ఏళ్లు బెంచి గుమస్తాగా కూర్చుని చెబుతున్నాను. విచారించే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో ఫిర్యాదు ఇస్తే అది పరువునష్టం కిందకు రాదు. పాత శిక్షాస్మృతి 499లో ఆ మినహాయింపు ఉండేది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 356లోనూ ఉంది. వాట్సాప్ గ్రూపు అధికారి కాదు. అదే మాట అక్కడ రాస్తే మీ ఫిర్యాదు మూలపడి, ఆయన కేసు ముందుకు వస్తుంది.

ఇక అసలు సంగతి. మీ బాధ ఒకటే గాని, దానికి తలుపులు మూడు. ఈ మధ్యవర్తి నాకు వద్దు, మార్చండి అనడం ఒకటి. సంతకం చేసేసిన రాజీని రద్దు చేయమనడం రెండోది. తప్పు చేసినందుకు ఆయన మీద చర్య తీసుకోమనడం మూడోది. చాలామంది మూడింటినీ ఒకే అర్జీలో కుక్కి జడ్జిగారి ముందు పెడతారు. ఆయన ఏది చూడాలి? అందుకే ముందు ఒకటి చెప్పండి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టారా?

కవిటి_ఆడపడుచు | ఆదివారం, రాత్రి 10.11

లేదండీ. హాజరు కాగితం మీద తప్ప దేని మీదా పెట్టలేదు.

పాత_బెంచి_గుమస్తా | ఆదివారం, రాత్రి 10.24

బతికిపోయారు. సంతకం పెట్టి, దాని మీద డిక్రీ వచ్చి ఉంటే కథ వేరు. రాజీ డిక్రీ చెల్లదని విడిగా ఇంకో దావా వేయడానికి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు 3ఏ రూలు అడ్డుపడుతుంది. డిక్రీ ఇచ్చిన కోర్టుకే వెళ్లి, ఆ రాజీ చట్టబద్ధమైనది కాదని నిరూపించుకోవాలి. రెండో తలుపు మీకు అవసరమే లేదు. మిగిలినవి రెండు.

జీడిపప్పు_పలాస | సోమవారం, ఉదయం 6.50

లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు ఉండదంటారు కదా? మరి ఈవిడ ఎలా వెనక్కు వెళ్తుంది?

పాత_బెంచి_గుమస్తా | సోమవారం, ఉదయం 7.15

అది వేరు, ఇది వేరు బాబూ. లోక్ అదాలత్ అవార్డుకు అప్పీలు లేదన్నది నిజమే, 1987 న్యాయసేవల చట్టం 21వ సెక్షన్. ఇక్కడ అవార్డూ లేదు, రాజీ కూడా లేదు. మధ్యవర్తి తీర్పు చెప్పడు. "నాకు కుదరలేదు" అని ఈవిడ ఒక్క మాట అంటే ఫైలు తిరిగి జడ్జిగారి దగ్గరకు పోతుంది. ఎందుకు కుదరలేదో, ఎవరు మొండికేశారో మధ్యవర్తి రాయకూడదు. 2010లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. రాజీ కుదిరితే ఒప్పందం పంపాలి, లేకపోతే కుదరలేదని ఒక్క ముక్క. అంతకు మించి లోపలి మాట ఒక్కటి రాసినా తప్పే.

రచ్చబండ_రాముడు | సోమవారం, ఉదయం 8.02

మా తాతగారు మా ఊరి పెద్దమనిషి. పంచాయితీకి కూర్చునే ముందు "నాకు ఫలానా వాడు బావమరిది వరస, ఇష్టమైతేనే కూర్చుంటాను" అని అందరి ముందూ అనేవారు. ఆయనకు శిక్షణా లేదు, సర్టిఫికెట్టూ లేదు. ఆ ఒక్క మాట అనకుండా కూర్చున్న పెద్దమనిషిని మళ్లీ ఎవరూ పిలిచేవారు కాదు. వెనకటి రోజుల్లో క్రమశిక్షణ చర్య అంటే అదే.

నలభై_గంటల_పంతులు | సోమవారం, మధ్యాహ్నం 1.40

నేను విజయనగరం వైపు మధ్యవర్తిని. వకీలుని కూడా. సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వ కమిటీ పద్ధతి ప్రకారం నలభై గంటల శిక్షణ తీసుకుని మధ్యవర్తుల జాబితాలోకి, అంటే ప్యానెల్‌లోకి వచ్చాను. మా జాతి మొత్తాన్ని తిట్టబోతున్నారని తెలిసే రాస్తున్నాను.

మొదట పాత కేసు సంగతి. మీ అన్నయ్య ఒకప్పుడు ఆయన కక్షిదారు కావడం నేరం కాదు. చిన్న జిల్లాలో ఏ సీనియర్ వకీలుకైనా సగం ఊరు పాత కక్షిదారులే. తప్పల్లా చెప్పకపోవడం. 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన నమూనా నిబంధనల్లో ఈ బాధ్యత స్పష్టంగా ఉంది. తన నిష్పాక్షికత మీద న్యాయమైన అనుమానం కలిగించే సంగతి ఏదైనా ఉంటే మధ్యవర్తి తానే ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే, ఎవరి నుంచి తెలిసినా కోర్టు విచారించవచ్చు. ఆయన వాదన కూడా విని, అనుమానం న్యాయమైనదే అనిపిస్తే కారణాలు రాసి ఆయనను మార్చి ఇంకొకరిని వేయాలి. చాలా హైకోర్టులు తమ నిబంధనలను ఈ నమూనా ఆధారంగానే రాసుకున్నాయి.

ఇక రెండో ఆరోపణ. అమ్మా, కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పండి. విడిగా మాట్లాడినప్పుడు చివరలో ఆయన "ఇందులో ఏది అవతలివారికి చెప్పవచ్చు" అని అడిగారా? మేము అడగాలి. మీరు వద్దన్నది గది దాటకూడదు.

కవిటి_ఆడపడుచు | సోమవారం, రాత్రి 8.55

రోజంతా ఆలోచించాను. అడిగారు. "మీ వైపు కొంత సడలింపు ఉందని చెప్పవచ్చా" అన్నారు. నేను తల ఊపాను. పాప చదువు సంగతి మాత్రం చెప్పవద్దన్నాను. వదిన ఆ ఊసు ఎత్తలేదు. కోపంలో ఆ ముక్క మొదటి పోస్టులో రాయలేదు. తప్పు నాదే.

నాగావళి_ఒడ్డు | సోమవారం, రాత్రి 9.03

తల ఊపడం అనుమతి ఎలా అవుతుంది? భయంతో కూడా ఊపుతారు.

నలభై_గంటల_పంతులు | సోమవారం, రాత్రి 9.20

మీరన్నది కొట్టిపారేయదగ్గ మాట కాదు. మంచి మధ్యవర్తి నోటితో "సరే" అనిపించుకుంటాడు, కాగితం మీద గుర్తు పెట్టుకుంటాడు. అయినా విచారణలో ఆ ఆరోపణ నిలబడదు. ఒక ఫిర్యాదులో పది ఆరోపణలుంటే, వాటిలో బలహీనమైనది మిగతా తొమ్మిదింటినీ పట్టుకుని కిందకు లాగుతుంది. అది తీసేయండి.

కోట_కుర్రాడు | సోమవారం, రాత్రి 10.48

న్యాయశాస్త్రం ఆఖరి సంవత్సరం, విజయనగరం. 2023 మధ్యవర్తిత్వ చట్టం చూడండి. గోప్యత పేరు చెప్పి మధ్యవర్తి తప్పించుకోలేడు. 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తి వృత్తిపరమైన దుష్ప్రవర్తన మీద ఫిర్యాదును నిరూపించడానికి గాని, ఖండించడానికి గాని లోపలి మాటలు బయటపెట్టవచ్చు. పైగా ఆ చట్టం కింద వచ్చే భారత మధ్యవర్తిత్వ మండలికి మధ్యవర్తుల నమోదును నిలిపివేసే, రద్దు చేసే అధికారం ఉంది. మండలికే రాయండి!

నలభై_గంటల_పంతులు | మంగళవారం, ఉదయం 7.30

బాగా చదువుతున్నావు నాయనా, అమలు తేదీలు కూడా చదువు. ఆ చట్టానికి 2023 సెప్టెంబరు 14న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అక్టోబరు 9న కొన్ని సెక్షన్లను మాత్రమే అమలులోకి తెచ్చారు. మండలి గురించిన 31 నుంచి 38 వరకు ఆ విడతలో ఉన్నాయి. నువ్వు చెప్పిన 23 అందులో లేదు. 26 ఉంది. కోర్టుకు అనుబంధంగా జరిగే మధ్యవర్తిత్వం సుప్రీంకోర్టు, హైకోర్టుల నిబంధనల ప్రకారమే నడవాలని అది చెబుతుంది. ఈవిడది ఆ కోవదే. దావాలో జడ్జిగారు పంపిన వ్యవహారం, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్న మధ్యవర్తి. తలుపు ఇక్కడే ఉంది, ఢిల్లీలో కాదు.

ఆలోచన మాత్రం సరైనదే. ఫిర్యాదును విచారించేవారికి లోపల ఏం జరిగిందో చెప్పుకోనివ్వకపోతే, గోప్యత కక్షిదారుకు కాక మధ్యవర్తికి గొడుగవుతుంది.

కోట_కుర్రాడు | మంగళవారం, ఉదయం 7.52

ఒప్పుకున్నాను సార్. ఇంటర్నల్ పరీక్షలో అదే రాశాను, మార్కులు ఎందుకు తగ్గాయో ఇప్పుడు అర్థమైంది.

మెల్‌బోర్న్_సిక్కోలు | మంగళవారం, ఉదయం 8.15

మాది నరసన్నపేట, ఉండేది ఆస్ట్రేలియాలో. ఇక్కడ గుర్తింపు పొందిన మధ్యవర్తులకు 2008 నుంచి జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. 2025 జులై 1 నుంచి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. మధ్యవర్తికి గుర్తింపు ఇచ్చిన సంస్థే అతని మీద ఫిర్యాదును కూడా వినాలి. పాత పద్ధతిలో రెండేళ్లకోసారి గుర్తింపు నిలుపుకోవాలంటే ఇరవై అయిదు గంటలు మధ్యవర్తిత్వం చేసినట్టు, ఇంకో ఇరవై అయిదు గంటలు నేర్చుకున్నట్టు చూపించాలి. ఇక్కడ కూడా మొదట అడిగేది ఒకటే. మీ ఫిర్యాదు మధ్యవర్తి ప్రవర్తన మీదా, వచ్చిన ఫలితం మీదా? ఫలితం మీద అయితే అక్కడికక్కడే ముగిసిపోతుంది.

అంపోలు_అప్పన్న | మంగళవారం, రాత్రి 7.44

పై మాటకు నేనే సాక్ష్యం. భార్యతో విడాకుల వ్యవహారంలో మధ్యవర్తి దగ్గర ఒప్పుకుని సంతకం పెట్టి, ఇంటికి వచ్చాక మా బావమరుదులు ఎక్కించిన మాటలు విని, మధ్యవర్తి ఒత్తిడి చేశాడని నాలుగు పేజీల ఫిర్యాదు పెట్టాను. పిలిచి అడిగారు. "ఏ రోజున, ఏ మాట అన్నాడు?" నాలుగు పేజీల్లో ఒక తేదీ లేదు, ఆయన అన్న మాట ఒక్కటీ లేదు. ఉన్నదల్లా "నాకు అన్యాయం జరిగింది" అన్నదే, పదకొండు చోట్ల. తరువాత లెక్కపెట్టుకున్నాను. కొట్టేశారు. కొట్టేయడమే సరి.

కవిటి_ఆడపడుచు | మంగళవారం, రాత్రి 9.10

వచ్చేసారి ఫోనులో మాటలు రికార్డు చేయవచ్చా?

పాత_బెంచి_గుమస్తా | మంగళవారం, రాత్రి 9.32

వద్దే వద్దు. ఆయన గోప్యత దాటాడనబోయి మీరే దాటినవారవుతారు. దానికి బదులు ఇంటికి వచ్చిన రోజే ఒక నోటుబుక్కులో తేదీ, ఎవరెవరున్నారు, ఎంతసేపు, ఏ మాట అన్నారు అన్నది రాసి పెట్టుకోండి. వారం తరువాత రాస్తే అందులో మీ కోపం కూడా కలుస్తుంది.

నిజానికి మీకు ఆ అవసరమే లేదు. మీ దగ్గరున్న అసలు ఆధారం గది లోపలిది కాదు. ఈ-కోర్టుల వెబ్‌సైటులో వకీలు పేరుతో కేసులు వెతికే వీలుంది. ఆ చెక్కు కేసు తీయండి. నిందితుడి పేరు పక్కన వకీలు పేరు ఉంటుంది. ఒక కాగితం ముద్రించుకోండి. అది బహిరంగ రికార్డు, గోప్యత మాటే రాదు. ఎవరూ కాదనలేరు.

అర్జీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి గారి పేర. ఒక నకలు దావా పంపిన జడ్జిగారి కోర్టుకు. జిల్లా ప్రధాన న్యాయమూర్తిగారే సంస్థకు అధ్యక్షులు కాబట్టి పైమెట్టు కూడా అక్కడే ఉంది. ఇలా రాయండి:

"నేను ఫలానా నంబరు దావాలో వాదిని. ఫలానా తేదీన కోర్టువారు మమ్మల్ని మధ్యవర్తిత్వానికి పంపారు. నియమితులైన మధ్యవర్తిగారు ఫలానా నంబరు కేసులో ప్రతివాది తరఫున వకాల్తా దాఖలు చేసినట్టు రికార్డులో ఉంది, ప్రతి జతపరిచాను. ఈ సంగతి ఫలానా, ఫలానా తేదీల్లో జరిగిన రెండు సమావేశాల్లోనూ నాకు తెలియజేయలేదు. కాబట్టి వేరే మధ్యవర్తిని నియమించవలసిందిగా కోరుతున్నాను. మధ్యవర్తిత్వం కొనసాగించడానికి నాకు అభ్యంతరం లేదు."

చివరి వాక్యం మరవవద్దు. అది లేకపోతే దావా సాగదీయడానికి ఎత్తు వేసిందని అన్నయ్యగారి వకీలు అంటారు. విశేషణాలు రాయవద్దు. "దుర్మార్గంగా", "కుమ్మక్కై" అన్న మాటలు కోపాన్ని తీరుస్తాయి గాని పనిని తీర్చవు. లోపలకు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయని గుమాస్తా దగ్గర కుర్చీ లాక్కుని కూర్చోండి. నేనూ చాలామందిని అలా కూర్చోబెట్టినవాణ్నే, అందుకే చెబుతున్నాను.

నాగావళి_ఒడ్డు | మంగళవారం, రాత్రి 10.01

అంటే ఆయనను మార్చి ఊరుకోవడమేనా? శిక్ష లేదా? రేపు ఇంకొకరి దావాలో ఇదే చేస్తాడు.

నలభై_గంటల_పంతులు | బుధవారం, ఉదయం 7.05

ఉంది. ప్యానెల్ నుంచి తొలగించడం మాకు పెద్ద శిక్షే. డబ్బు కోసం కాదు. కక్షిదారు దగ్గర మేము పైసా తీసుకోకూడదు. సంస్థ ఇచ్చే గౌరవ పారితోషికమే మాకు వచ్చేది. ఒకసారి సంక్రాంతికి ఒక కక్షిదారు ఇంటికి జీడిపప్పు డబ్బా పంపితే తిరిగి ఇచ్చేసి వచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ డబ్బా సంగతి ఎత్తుతుంది. ఎవరైనా మధ్యవర్తి కారు ఖర్చులన్నా, భోజనమన్నా, ఏ పేరుతో డబ్బు అడిగినా అది ఫిర్యాదు చేయవలసిన విషయమే.

వకీలు అయిన మధ్యవర్తి మీద ఇంకో దారి రాష్ట్ర బార్ కౌన్సిల్. 1961 అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్‌లో "వృత్తిపరమైన లేదా ఇతర దుష్ప్రవర్తన" అన్న మాట ఉంది. ఆ "ఇతర" అన్నది చాలా విశాలమైనది. ఫిర్యాదులో విషయం ఉందనిపిస్తే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘానికి పంపుతారు. మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, జాబితా నుంచి పేరే కొట్టేయవచ్చు, లేదా ఫిర్యాదునే కొట్టేయవచ్చు. ఏడాదిలో తేల్చకపోతే అది భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది. తీర్పు నచ్చకపోతే అరవై రోజుల్లో అక్కడికి అప్పీలు, ఆ పైన సుప్రీంకోర్టు. మధ్యవర్తి రిటైర్డ్ ఉద్యోగో, డాక్టరో అయితే ఈ దారి ఉండదు. ప్యానెల్ వరకే.

కానీ కొలత ఉండాలి. పాత కేసు సంగతి చెప్పడం మరచిపోయినవాడికీ, లంచం తిన్నవాడికీ ఒకే అర్జీ పెట్టరు. మరచిపోయాడా, దాచాడా అన్నది ఆయన జవాబు చూశాకే తెలుస్తుంది.

నాగావళి_ఒడ్డు | బుధవారం, ఉదయం 7.18

మీ వకీళ్లు మీ వకీళ్లను వెనకేసుకొస్తారు.

నలభై_గంటల_పంతులు | బుధవారం, ఉదయం 7.26

ఆ అనుమానం మీకు ఉండటం సహజమే. విచారించే సంఘంలో ముగ్గురూ వకీళ్లే. అందులో ఇద్దరు బార్ కౌన్సిల్ సభ్యులు కూడా. బయటి మనిషి ఒకరుంటే బాగుండునని నాకూ అనిపిస్తుంది. చట్టం అలా లేదు.

కవిటి_ఆడపడుచు | మూడు వారాల తరువాత, శనివారం, సాయంత్రం 6.20

ఇక్కడ సాయం చేసిన అందరికీ కబురు చెప్పాలి కదా. గుమస్తాగారు రాసిన అర్జీనే తేదీలు, నంబర్లు నింపి ఇచ్చాను. ముద్ర కోసం ముప్పావు గంట కూర్చున్నాను. వాయిదాకు రెండు రోజుల ముందు పిలిచారు. మధ్యవర్తిగారు కూడా వచ్చారు. ఆ చెక్కు కేసు తన జూనియర్ నడిపాడని, వకాల్తాలో తన పేరు ఉన్న సంగతి గుర్తు లేదని చెప్పారు. గుర్తు లేకపోవచ్చు. మా అన్నయ్యకు మాత్రం గుర్తుండే ఉంటుంది కదా, తనెందుకు చెప్పలేదు అని నాకు అక్కడే అనిపించింది, పైకి అనలేదు. ఆయన తానే తప్పుకుంటానన్నారు. ఆయన వివరణను ఫైలులో పెడతామని, ఇకపై ఏ సంగతి అయినా మొదటి రోజే రాతలో తీసుకుంటామని చెప్పారు. ఆయన మీద ఇంకా ఏమైనా చేస్తారో లేదో నాకు తెలియజేస్తామని మాత్రం అనలేదు.

బార్ కౌన్సిల్‌కు వెళ్లలేదు. నాగావళి_ఒడ్డు గారికి కోపం వస్తుందని తెలుసు.

కొత్త మధ్యవర్తి ఒక మేడమ్. కూర్చోగానే తన పిన్ని కొడుక్కి సోంపేట దగ్గర కొబ్బరితోట ఉందని, తిత్లీలో వాళ్లకూ చెట్లు పోయాయని, అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమని అన్నారు. అన్నయ్యా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఉద్దానంలో కొబ్బరితోట లేని చుట్టం ఎవరికి ఉంటాడని అన్నయ్య అన్నాడు. ఏడాదిన్నర తరువాత ఒకే మాటకు ఇద్దరం నవ్వాం.

పాత_బెంచి_గుమస్తా | శనివారం, సాయంత్రం 6.41

బాగుందమ్మా. ముద్ర వేసిన ప్రతి పారేయవద్దు. చెట్ల లెక్క ఎప్పుడు?

కవిటి_ఆడపడుచు | శనివారం, సాయంత్రం 6.58

రేపు పొద్దున్నే. పాత చెట్లకు సున్నం, తను నాటినవాటికి పసుపు పూస్తానన్నాడు అన్నయ్య. పసుపు ఎన్నింటికి పూస్తాడో చూడటానికి నేనూ వెళ్తున్నాను.